మ్యాచ్ చూస్తూ తినే తిండి వేరు

గచ్చిబౌలి, కొండాపూర్, జూబ్లీహిల్స్ వైపు స్పోర్ట్స్ బార్ అని బోర్డు పెట్టుకున్న చోట్ల మెనూలు ఓ నాలుగు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి పేజీ దాదాపు అన్నిట్లోనూ ఒకటే: బఫెలో వింగ్స్, లోడెడ్ నాచోస్, పెరిపెరి ఫ్రైస్, చిన్న బర్గర్లు, పిజ్జా. చికెన్ 65, అపోలో ఫిష్, మసాలా పల్లీలు లోపలెక్కడో మూడో పేజీలో ఉంటాయి. ఐపీఎల్ రాత్రి అదే బార్లో టేబుళ్ల మీద చూస్తే సగం తిని వదిలేసిన నాచోస్ ప్లేటు, మెత్తబడిపోయిన వింగ్స్ కనిపిస్తాయి. పల్లీల గిన్నె మాత్రం ఖాళీ.

దీన్ని మన నాలుక మీదికి నెట్టేయడం తేలిక. మనకి కారం, మసాలా పడాలి, అందుకే అంటారు. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. వింగ్స్‌లో కారానికి తక్కువేం లేదు. అసలు సంగతి టైములో ఉంది. మ్యాచ్ చూసే చోట తిండి ఆట గడియారానికి లొంగాలి. అమెరికా బార్లలో ఆ పని జరిగింది. మనవాళ్లు అక్కడి వంటకాలు తెచ్చుకున్నారు గానీ, అవి అక్కడ ఎందుకు నిలబడ్డాయో పట్టించుకోలేదు.

బఫెలో నుంచి ఆర్లింగ్టన్ దాకా

వింగ్స్ కథ చాలామందికి తెలిసిందే. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో, యాంకర్ బార్‌లో టెరెసా బెల్లిసిమో చేసిన వంటకం. సూపుకి తప్ప పెద్దగా ఎవరూ వాడని రెక్కల్ని పిండి ముట్టించకుండా నూనెలో వేయించి, మిరప సాసు, వెన్న కలిపిన దాంట్లో దొర్లించి, పక్కన సెలరీ కాడలు, బ్లూ చీజ్ పెట్టి ఇచ్చారు. ఇది అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ల తిండి కావడం గాలివాటంగా జరిగింది కాదు. ఆ ఆటలో కాగితం మీద నాలుగు పావుగంటలే, కానీ మ్యాచ్ మూడు గంటలు నడుస్తుంది. బంతి కదిలేది కొన్ని సెకన్లు, తర్వాతి ఎత్తుకి 40 సెకన్ల గడియారం. ఆ ఖాళీలో ఒక రెక్క పూర్తవుతుంది. బుట్ట మధ్యలో పెడితే నలుగురూ తీసుకోవచ్చు. ప్లేటు ఎవరిదీ కాదు, ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు.

నాచోస్ సంగతి ఇంకా స్పష్టం. 1940ల మొదట్లో మెక్సికో సరిహద్దు ఊరు పియెద్రాస్ నెగ్రాస్‌లో ఇగ్నాసియో అనాయా చేసినప్పుడు అది చిప్స్ మీద చీజ్ వేసి వేడిలో కరిగించిన వంటకం. 1976లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియంలో బేస్‌బాల్ చూసేవాళ్లకి అమ్మాల్సి వచ్చినప్పుడు ఫ్రాంక్ లిబెర్టో ఆ చీజ్‌ని పోయగలిగే సాసుగా మార్చేశాడు. క్యూలో నిలబడ్డవాణ్ని ఓవెన్ దగ్గర ఆపితే వాడి ఆట పోతుంది. ఆర్లింగ్టన్ అంటే డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఇంటి పక్క ఊరే. అక్కడ ఆట కోసం వంటకాన్నే మార్చేశారు. ఇక్కడ మన బార్లు మళ్లీ దానికి ఓవెన్, పైన తరిగిన సలాడు, రాజ్మా, సోర్ క్రీమ్ అన్నీ చేర్చి, పదిహేను నిమిషాలకి గానీ టేబుల్ మీదికి రానివ్వడం లేదు. వచ్చేసరికి పై వరసకి చీజ్ ఉంటుంది, కింది వరస ఉత్త చిప్స్, మధ్య వరస టమోటా నీళ్లకి నానిపోయి ఉంటుంది. నాచోస్ చేస్తే లోతు లేని వెడల్పు ప్లేటులో రెండే వరసలు పేర్చాలి, ప్రతి వరస మీదా సాసు పడాలి, టమోటా ముక్కలు విడిగా గిన్నెలో ఇవ్వాలి. అంతే పని.

రెక్క ఇక్కడ ఎందుకు మెత్తబడుతుంది

బఫెలో వింగ్‌లో కరకర అంతా చర్మానిది. చర్మం కింది కొవ్వు కరిగి, పైపొర ఎండి, అప్పడంలా బిగుసుకుంటే సాసు తగిలినా కాసేపు నిలుస్తుంది. మన దగ్గర కోడి అంటే చాలామందికి స్కిన్‌లెస్. బార్ కిచెన్లకి వచ్చే రెక్కల్లోనూ చర్మం తీసేసినవి మామూలే. చర్మం లేని రెక్క నేరుగా వేయిస్తే పీచులా తయారవుతుంది కాబట్టి వంట మాస్టర్ దానికి మైదా, కార్న్‌ఫ్లోర్, గుడ్డు కలిపిన పూత పట్టిస్తాడు. ఆ పూత మీద తడి సాసు పోస్తే ఐదు నిమిషాల్లో పకోడీ పెరుగులో వేసినట్టే. పైగా అసలు సాసులో ఉండాల్సిన వెనిగర్ పులుపు బదులు టమోటా కెచప్, చిల్లీ సాస్ కలిపేస్తే అందులోని చక్కెర వేళ్లకి జిగురులా పట్టుకుంటుంది. ఫింగర్ బౌల్ రెండుసార్లు మార్చినా వదలదు.

సరిగ్గా చేయాలంటే పద్ధతి ఉంది. చర్మంతో ఉన్న రెక్కలు తెప్పించి, కొస తీసేసి, మిగతాది కీలు దగ్గర రెండుగా కోయాలి. కిలోకి 12 గ్రాముల ఉప్పు పట్టించి జల్లెడ ప్లేటు మీద ఒక వరసలో పరిచి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఆరనివ్వాలి. మర్నాడు 150 నుంచి 160 డిగ్రీల నూనెలో పది పన్నెండు నిమిషాలు వేయించి తీసి, ఆర్డర్ రాగానే 190 డిగ్రీల్లో మూడు నాలుగు నిమిషాలు మళ్లీ వేయించాలి. 120 మిల్లీలీటర్ల మిరప సాసుకి 60 గ్రాముల వెన్న, సన్నని వేడి మీద కలిపితే చాలు. సాసు మరిగితే వెన్న విడిపోయి ప్లేటు అడుక్కి దిగుతుంది, రెక్క మీద ఎర్ర నీళ్లే మిగులుతాయి. గిన్నెలో పదిహేను సెకన్లు ఎగరేసి వెంటనే పంపాలి.

ఇంత చేయగలిగిన కిచెన్ వింగ్స్ పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. చేయలేని కిచెన్‌కి మన బార్లలోనే రెక్కకి మంచి రూపం ఎప్పుడో వచ్చి కూర్చుంది: చికెన్ లాలీపాప్. రెక్క సన్నకొస దగ్గర నరం కోసి మాంసాన్ని కిందికి నెట్టితే ఎముక పిడిలా మిగులుతుంది. పూత పొడిగా ఉంటుంది, సాసు విడిగా గిన్నెలో వస్తుంది. ఒక చేత్తో తినొచ్చు, రెండో చేతిలో గ్లాసో ఫోనో ఉండనే ఉంటుంది. కళ్లు తెర మీంచి తిప్పక్కర్లేదు. ఎముక ఉంది కాబట్టి 170 డిగ్రీల్లో ఏడెనిమిది నిమిషాలు ఇవ్వాలి. తొందరపడి 190లో వేస్తే పైన నల్లబడి ఎముక దగ్గర ఎర్రగా ఉండిపోతుంది. మ్యాచ్ రాత్రి వెనక్కి వచ్చే ప్లేట్లలో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది.

ఇరవై నిమిషాల లెక్క

ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకి మొదలవుతుంది. ఇన్నింగ్స్‌కి రెండేసి స్ట్రాటెజిక్ టైమౌట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. మొదటిది ఆరు తొమ్మిది ఓవర్ల మధ్య, రెండోది పదమూడు పదహారు మధ్య. ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ నడుమ 20 నిమిషాలు. బార్ కిచెన్ బతుకంతా ఈ నాలుగైదు ఖాళీల్లోనే ఉంది. పవర్‌ప్లేలో ఎవరూ వెయిటర్ వైపు చూడరు. 2024 ఏప్రిల్లో ఢిల్లీ మీద సన్‌రైజర్స్ ఆరు ఓవర్లలో వికెట్ పోకుండా 125 కొట్టిన రోజున ఆ అరగంటలో ఆర్డర్ అడగబోయిన కెప్టెన్‌కి, అంటే వెయిటర్ల పెద్దకి, ఏం జవాబు వచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. "అన్నా, జర పక్కకి జరుగన్నా, బాల్ పడ్తుంది" అన్న మాట ప్రతి బార్లోనూ వినపడేదే.

ఇంటర్వెల్ రాగానే అందరూ ఒకేసారి చెయ్యెత్తుతారు. అక్కడే కిచెన్ కూలిపోతుంది. లెక్క వేసి చూద్దాం. పన్నెండేసి లీటర్ల ఫ్రైయర్లు రెండు ఉన్నాయనుకోండి. ఒక్కో దఫాకి కిలోన్నర మించి వేయకూడదు. మించితే నూనె వేడి 180 నుంచి 140కి పడిపోయి, ముక్క వేగకుండా నూనె పీల్చుకుంటుంది. పచ్చి ముక్క వేయించడానికి ఆరేడు నిమిషాలు, నూనె మళ్లీ వేడెక్కడానికి రెండు. అంటే దఫాకి తొమ్మిది నిమిషాలు. 20 నిమిషాల్లో ఫ్రైయర్‌కి రెండు దఫాలు, మొత్తం ఆరు కిలోలు, పావుకిలో చొప్పున 24 ప్లేట్లు. నలభై టేబుళ్లున్న బార్లో పదహారు టేబుళ్లు రెండో ఇన్నింగ్స్ మూడో ఓవర్ దాకా ఖాళీగా ఎదురుచూస్తాయి.

అదే ముక్కల్ని ముందే ఒకసారి లోపలిదాకా ఉడికేలా వేయించి పెట్టుకుంటే రెండో వేపుడు రెండున్నర నిమిషాలే. నూనె తేరుకోవడానికి ఒక నిమిషం. 20 నిమిషాల్లో ఒక్కో ఫ్రైయర్‌కి ఐదు దఫాలు, రెంటికీ కలిపి 15 కిలోలు, 60 ప్లేట్లు. మన మాస్టర్లకి ఈ హాఫ్ ఫ్రై కొత్తేం కాదు. తప్పు జరిగేది నిల్వలో. వేడి ముక్కల్ని బేసిన్లో కుప్పగా పోస్తే కింది ముక్కల ఆవిరికి పై ముక్కలు నాని మెత్తబడతాయి. జల్లెడ ప్లేట్ల మీద విడివిడిగా పరవాలి, చల్లారాక ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. సగం పచ్చిగా ఉన్న కోడిని గంటల తరబడి కిచెన్ వేడిలో వదిలేస్తే రుచి మాట అటుంచి, తిన్నవాళ్లకి మర్నాడు కడుపు మీదికి వస్తుంది.

ఇంకో పని కెప్టెన్ చేతిలో ఉంది. ఇంటర్వెల్ ఆర్డర్లు ఇంటర్వెల్లో తీసుకోకూడదు. మొదటి ఇన్నింగ్స్ రెండో టైమౌట్లో టేబుల్ టేబుల్‌కీ తిరిగి తీసుకుని, కేవోటీ (కిచెన్‌కి పంపే ఆర్డర్ చీటీ) కొట్టి ఆపి ఉంచి, 18వ ఓవర్ అయ్యాక కిచెన్‌కి వదలాలి. వికెట్లు టపటపా పడిపోతే ఆల్ అవుట్ 16 ఓవర్లకే కావచ్చు, ఎనిమిదో వికెట్ పడగానే వదిలెయ్యాలి. స్కోరు చూడని కెప్టెన్ స్పోర్ట్స్ బార్‌కి పనికిరాడని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ లెక్కతో మూడో పేజీలోని వంటకాలు చూస్తే ఏది నిలుస్తుందో తెలుస్తుంది. కరివేపాకు, పచ్చిమిర్చి తాలింపుతో పొడిగా దించిన చికెన్ 65 టేబుల్ మీద ఇరవై నిమిషాలు ఉంటుంది. అదే పెరుగు పోసి తిప్పినది పది నిమిషాలకే వదులవుతుంది. కిలో ముక్కకి 60 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌తో పాటు 30 గ్రాముల బియ్యప్పిండి పడితే కరకర ఎక్కువసేపు ఉంటుంది. కోస్తా వీధిబండ్ల మీది ఎముకల చికెన్ పకోడీ చల్లారినా పనికొస్తుంది, అది పెట్టే స్పోర్ట్స్ బార్లు అరుదు కావడం నాకు నిజంగా బాధ. క్రిస్పీ కార్న్ రుచే గానీ గింజలోని నీరు ఆవిరై నూనెలో పేలుతుంది, పూత సమంగా పట్టకపోతే మాస్టర్ మొహం మీదికే వస్తుంది. టేబుల్ మీద పది నిమిషాలకి మించి ఆగదు. రొయ్యలు మూడు నిమిషాలు దాటితే రబ్బరు, ఒత్తిడి ఉన్న రాత్రి వాటిని మెనూలోంచి తీసేయడం మేలు. సిజ్లర్ మాత్రం ఏ మ్యాచ్ రోజూ వద్దు. ఓవర్ మధ్యలో బుసలు కొడుతూ, పొగలు కక్కుతూ తెరకి అడ్డంగా వచ్చే ప్లేటు హాలు మొత్తాన్ని ఆటలోంచి లాగేస్తుంది.

మసాలా పల్లీల మీద ఒక్క మాట. ఉల్లి, టమోటా, నిమ్మరసం, ఉప్పు అన్నీ కిచెన్లోనే కలిపి పంపితే ఉప్పు తగలగానే ఉల్లి నీరు వదులుతుంది. ఐదు నిమిషాలకి గిన్నె అడుగున చారు. వేయించిన పల్లీలు ఒక గిన్నెలో, తరిగినవి ఇంకో గిన్నెలో, నిమ్మబద్ద పక్కన పెట్టి ఇస్తే టేబుల్ దగ్గర కావలసినంత కలుపుకుంటారు. అదనపు ఖర్చు ఒక గిన్నె కడగడమే.

మెనూ ఒక హామీ కూడా

నా వాదనకి ఎదురు వచ్చే మాటల్లో ఒకటి చాలా బరువైనది, దాన్ని దాటేయలేను. మన ఊళ్లలో బార్ అండ్ రెస్టారెంట్ అంటే చీకటి గది, రంగు బల్బులు, మగవాళ్ల గుంపు, ఫ్యామిలీ సెక్షన్ అని విడిగా తెర కట్టిన మూల. పర్మిట్ రూమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆఫీసు అయ్యాక ఇద్దరు ఆడపిల్లలు వెళ్లి టేబుల్ దగ్గర కూర్చుని మ్యాచ్ చూడగలిగే చోటు హైదరాబాదులో స్పోర్ట్స్ బార్లతోనే బాగా పెరిగింది. మందు ముట్టనివాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్లు ఫ్రెష్ లైమ్ సోడాతో మూడు గంటలు కూర్చోగలుగుతున్నారు. బర్గరూ వింగ్సూ ఉన్న ఆ మొదటి పేజీ, ఇది పాత బార్ కాదు అని గుమ్మంలోనే చెప్పే మాట. దాని బదులు బాయిల్డ్ ఎగ్, చికెన్ పకోడీ ముందు పేజీకి తెస్తే ఆ భరోసా పోతుందని యజమానులు భయపడితే నేను తప్పు పట్టలేను.

అయినా ఆ భరోసా ఇచ్చేది వింగ్సేనా అని అడగాలనిపిస్తుంది. వెలుతురు, శుభ్రమైన టాయిలెట్, తలుపు దగ్గర మర్యాద తెలిసిన మనిషి, మీద పడి చూడని స్టాఫ్: ఆడవాళ్లు మళ్లీ వచ్చేది వీటి కోసం. అవన్నీ ఉన్న చోట లాలీపాప్ తింటే ఎవరి గౌరవమూ తగ్గదు. ఇంట్లో దొరకనిది తినాలనే బయటికి వస్తాం అన్న మాటా నిజమే. అలాగైతే ఒకటో రెండో విదేశీ వంటకాలు పెట్టి, వాటిని సరిగ్గా చేయండి. పదిహేను పెట్టి అన్నిటినీ ఫ్రీజర్లోంచి ఒకే నూనెలోకి వంచడం వల్ల ఎవరికీ లాభం లేదు.

తెర, చప్పుడు

తిండి ఎంత బాగున్నా తెర తప్పితే బార్ తప్పినట్టే. ఒక మూల టీవీకి సెట్ టాప్ బాక్సు, ఇంకో మూల టీవీకి స్ట్రీమింగ్ యాప్ పెడతారు. యాప్ కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం వెనక నడుస్తుంది. అటు మూల సిక్స్ అని అరిచేసరికి ఇటు మూల బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టడు. ఇటువైపు కూర్చున్నవాళ్లకి ఆ రాత్రంతా మిగిలేది ముందే తెలిసిపోయిన ఆట. ఒకే బాక్సు నుంచి స్ప్లిటర్ పెట్టి అన్ని టీవీలకీ వైరు లాగితే ఈ సమస్యే లేదు. దూరం పది పదిహేను మీటర్లు దాటితే మామూలు హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మ ఆగి ఆగి వస్తుంది, నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఎక్స్‌టెండర్ కావాలి. శబ్దం కూడా అదే బాక్సులోంచి తీసి, బొమ్మతో కలిసేలా ఆంప్లిఫయర్లో ఆలస్యం సరిచేసుకోవాలి.

టీవీలని సీలింగ్‌కి ఆనించి బిగించడం ఇంకో అలవాటు. పదిహేను ఓవర్లయ్యేసరికి మెడలు పడతాయి. కూర్చున్నవాడి కన్ను నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది, తెర అడుగు అంచు ఐదడుగుల దగ్గర ఉంటే చాలు. వెయిటర్ల దారి తెర కింది నుంచి కాకుండా టేబుళ్ల వెనక నుంచి పోవాలి. ముందు రెండు పెద్ద స్పీకర్లు పెట్టి మోగిస్తే ముందు టేబుళ్లవాళ్లు అరుచుకుంటారు, వెనకవాళ్లకి కామెంటరీ అందదు. సీలింగ్‌లో మూడేసి మీటర్లకి ఒక చిన్న స్పీకర్ తక్కువ శబ్దంతో పెడితే మాటా వినిపిస్తుంది, మాట్లాడుకోనూ వచ్చు. బంతి బంతికీ డీజే పాట వేయడం నాకు అసలు నచ్చదు. వికెట్ పడ్డాక వచ్చే అరుపే ఆ హాలుకి సంగీతం. కామెంటరీ తెలుగులో వేసిన రోజు వెనక టేబుళ్ల నుంచి వచ్చే జవాబులు వినండి, ఈ చోట్లకి జనం ఎందుకు వస్తారో అర్థమవుతుంది.

అమెరికాలో మనవాళ్లకి ఈ గొడవ ఇంకో రకం. ఇక్కడ రాత్రి ఏడున్నర డాలస్‌లో పొద్దున తొమ్మిది, న్యూజెర్సీలో పది. 2024 జూన్ 9న న్యూయార్క్ దగ్గర నాసావ్ కౌంటీలో జరిగిన ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ కూడా అక్కడి పొద్దున పదిన్నరకే పెట్టారు. ఆ వేళకి వింగ్స్ ఎవరికి దిగుతాయి? గారెలు, పునుగులు, మిర్చి బజ్జీ, ఫిల్టర్ కాఫీ పెట్టి తెర దింపే ఇండియన్ రెస్టారెంట్ ఆటకి తగ్గ తిండి పెట్టినట్టే.

బిర్యానీ ఎప్పుడు అడగాలి

బిర్యానీకి మ్యాచ్ నడుస్తుండగా చోటు లేదు. ప్లేటులోకి చూసి, ముక్క వెతికి, చేయి నిండా కలుపుకుని తినే తిండి అది. రెండో ఇన్నింగ్స్‌లో ప్లేటు పెట్టుకుంటే అటు ఆటా పోతుంది, ఇటు అన్నం చల్లబడి నెయ్యి గడ్డకడుతుంది. ఆట అయ్యాక తిందామంటే మ్యాచ్ ముగిసేది పదకొండు దాటాక, కిచెన్ మూసే వేళ తరుముకొస్తుంటుంది. కాబట్టి రెండో ఇన్నింగ్స్ మొదటి టైమౌట్లోనే కెప్టెన్ బిర్యానీ లెక్క అడిగి పెట్టుకోవాలి, హండీ మూత 18వ ఓవర్లో తీయాలి. దీనికీ ముప్పు లేకపోలేదు. 2024 మే 8న ఉప్పల్లో లక్నో పెట్టిన 166 పరుగుల లక్ష్యాన్ని సన్‌రైజర్స్ 9.4 ఓవర్లలో వికెట్ పోకుండా కొట్టేసింది. అలాంటి రాత్రి 18వ ఓవర్ కోసం దమ్ మీద పెట్టుకున్న హండీ ఇంకా ఉడుకుతుండగానే హాలు లేచి నిలబడుతుంది. ఆ రోజుకి అరగంట ఆగమని అడగడం కన్నా బిల్లుతో పాటు పార్సిల్ కావాలా అని అడగడం మంచిది. బిల్లులు కూడా ముందే కొట్టి ఉంచుకోవాలి. ఆఖరి బంతి పడ్డాక నలభై టేబుళ్లకీ రెండే కార్డు మెషిన్లతో తిరిగితే, గెలిచిన ఆనందంలో ఉన్నవాళ్లు కూడా కౌంటర్ దగ్గర విసుక్కుంటారు.